సంఘము పెంచిన స్వరము
మేరియన్ ఆండర్సన్ జీవితము నుండి ఒక పాఠము

ధ్యాన భాగములు: 137వ కీర్తన; మత్తయి 25:14-30; యాకోబు 2:1-9



137వ కీర్తన చదివినప్పుడల్లా వలస వచ్చినవారికి గుండెలో ఏదో కదులుతుంది. చెరలో ఉన్నవారిని పాడమన్నారు. పరాయి నేల మీద ఎలా పాడేది అని వారు సితారాలను చెట్లకు తగిలించేశారు. మన పెద్దలు చెరగా రాలేదు గాని, పని కోసం తమిళ దేశము వచ్చినప్పుడు మూటలో తెచ్చుకున్నవి రెండే పుస్తకాలు: తెలుగు బైబిలు, క్రైస్తవ కీర్తనల పుస్తకము. ఈ రోజు ధర్మపురి ప్రాంతంలో పుట్టి పెరిగిన మన పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదివే బిడ్డ కూడా కీర్తన అందుకుంటే రాగము తప్పదు.

అయితే ఆ బిడ్డ బాగా పాడుతున్నదని ఎవరైనా అంటే ఇంట్లో వచ్చే జవాబు మనకు తెలుసు. "పాట కూడు పెడుతుందా? పదో తరగతి గట్టెక్కితే చాలు." ఆ తల్లిదండ్రులను మేము తప్పు పట్టడము లేదు. కష్టము తెలిసినవారు కాబట్టి అలా అంటారు. కానీ ఆ మాట సంఘము కూడా అనవచ్చునా? ఈ నెల పాఠములో ఈ ప్రశ్ననే ఎత్తుకున్నాము. జవాబు వెదకడానికి ఒక బాప్టిస్టు సంఘము పెంచిన ఆడబిడ్డ జీవితాన్ని మీ ముందు పెడుతున్నాము.

ఇల్లు, గుడి

మేరియన్ ఆండర్సన్ 1897 ఫిబ్రవరి 27న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో నల్లజాతి కుటుంబములో పుట్టింది. ముగ్గురు ఆడపిల్లలలో ఆమె పెద్దది. తండ్రి జాన్ ఆండర్సన్ బజారులో మంచుగడ్డలు, బొగ్గులు అమ్మే కూలిమనిషి. తల్లి ఆన్నా పెళ్లికి ముందు వర్జీనియాలో పిల్లలకు చదువు చెప్పింది గాని, ఫిలడెల్ఫియాలో ఆమెకు ఆ ఉద్యోగము దొరకలేదు. తల్లి మెథడిస్టు, తండ్రి బాప్టిస్టు. పిల్లలు తండ్రితో యూనియన్ బాప్టిస్టు సంఘానికి వెళ్లేవారు.

ఆరేళ్ల వయసులో మేరియన్ అక్కడి పిల్లల పాటల బృందములో చేరింది. ఆమె గొంతు కాంట్రాల్టో. అంటే స్త్రీల స్వరాలలో అన్నిటికంటె మంద్రమైనది. పాటలో తన భాగము మాత్రమే నేర్చుకొని ఊరుకోలేదు. పై స్వరము, కింది స్వరము, మగవారి స్వరము కూడా నేర్చుకున్నది. ఏ ఆదివారము ఎవరు రాకపోయినా ఆ ఖాళీలో తాను నిలబడి పాడేది. మేనత్త చెయ్యి పట్టుకొని చిన్న చిన్న సభలకు తీసుకొనిపోతే పాతిక సెంట్లో, అర డాలరో చేతిలో పడేది.

ఆమెకు పన్నెండేళ్లప్పుడు తండ్రి పనిలో తలకు దెబ్బ తగిలి, కొద్ది రోజులకే కన్ను మూశాడు. తల్లి ముగ్గురు పిల్లలను తీసుకొని అత్తమామల ఇంట చేరింది. ఊరివారి బట్టలు ఉతికింది, పెద్ద దుకాణములో నేల తుడిచింది. చిన్న బడి ముగిసిన తరువాత మేరియన్ హైస్కూలు చదువుకు ఇంట్లో డబ్బు లేదు. ఇటువంటి ఇల్లు మన సంఘాలలో ఏ వీధిలో ఉందో వేరే చెప్పనక్కరలేదు.

సంఘము చేసిన పని

ఇక్కడ మనము ఆగి చూడవలసిన సంగతి ఉన్నది. కాపరి వెస్లీ పార్క్స్, సంఘ పెద్దలు, నగరములోని నల్లజాతి పెద్దలు కలిసి ఆ బిడ్డ చదువుకు, సంగీత శిక్షణకు డబ్బు పోగు చేశారు. ఇచ్చినవారిలో ధనవంతులు అరుదు. వంటలు చేసి, ఇళ్లలో పనులు చేసి బ్రతికేవారి చేతుల నుండి నాణెము నాణెముగా వచ్చిన డబ్బు అది. ఆ సహాయముతో ఆమె 1921లో హైస్కూలు ముగించింది.

నగరములోని ఒక సంగీత పాఠశాలకు వెళ్లి వరుసలో నిలబడితే, రంగు చూసి లోపలికి రానివ్వలేదు. అప్పుడు సంఘము మళ్లీ ముందుకు వచ్చింది. యూనియన్ బాప్టిస్టు గుడిలోనే ఒక సంగీత సభ పెట్టి, ఖర్చులు పోగా సుమారు 600 డాలర్లు మిగిల్చి, జుసెప్పె బొగెట్టి అనే పేరు పొందిన గురువు దగ్గర శిక్షణ ఏర్పాటు చేశారు. అప్పటికే పేరున్న నల్లజాతి గాయకుడు రోలండ్ హేస్ ఆమెకు దారి చూపినవారిలో ఒకరు.

తలాంతుల ఉపమానములో మనము సాధారణంగా తలాంతు పొందిన దాసుని గురించే మాట్లాడుకుంటాము. ఒక బిడ్డ తలాంతును భూమిలో పాతిపెట్టేది ఆ బిడ్డ ఒక్కటేనా? ఇల్లు, సంఘము కలిసి కూడా పాతిపెట్టవచ్చును. ఆ పేద సంఘము అలా పాతిపెట్టలేదు.

ఓడిన రోజు

1924లో న్యూయార్కులోని టౌన్ హాలులో ఆమె కచేరీ పెట్టారు. కుర్చీలు చాలామట్టుకు ఖాళీ. జర్మను పాటలు అర్థము తెలియక పాడినట్టు ఉన్నదని పత్రికలవారు రాశారు. ఆమె ఇంటికి వచ్చి, ఇక పాడనని నెలల తరబడి ఊరకున్నారు. తల్లి కోపపడలేదు, తొందరపెట్టలేదు. ప్రార్థన చేయమన్నది. గొప్పతనము కంటె ముందు కృప రావాలని ఆ తల్లి ఎప్పుడూ చెప్పే మాట.

మరుసటి సంవత్సరము, 1925లో, న్యూయార్కు ఫిల్హార్మోనిక్ వారి పోటీలో సుమారు 300 మందిలో ఆమె మొదటి స్థానములో నిలిచారు. పత్రికలు చూపిన లోపము నిజమేనని ఒప్పుకొని, యూరపు వెళ్లి జర్మను భాష నేర్చుకున్నారు. స్వీడను, ఫిన్లాండు ప్రజలు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. 1935లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గులో ఆమె పాట విన్న సంగీత నిర్వాహకుడు టోస్కనీని, ఇటువంటి స్వరము నూరేళ్లకు ఒకసారి వినబడుతుందని అన్నారు. అదే డిసెంబరులో స్వదేశానికి వస్తుండగా ఓడలో కాలు విరిగింది. పట్టీ కట్టిన కాలును పొడవాటి గౌనుతో కప్పుకొని డిసెంబరు 30న, మునుపు ఓడిన ఆ టౌన్ హాలులోనే పాడి గెలిచారు. కాలు విరిగిన సంగతి సభవారికి ముందుగా చెప్పనివ్వలేదు.

తల్లితో ఇక పనికి పోవద్దని చెప్పి, ఆమె పని చేసే దుకాణానికి ఫోను చేసి "మా అమ్మ ఇక రాదు" అని తెలిపిన రోజు తన జీవితములో అన్నిటికంటె సంతోషమైన రోజని ఆమె తరువాత చెప్పుకున్నారు. రాజుల ముందు పాడిన రోజులు ఆమెకు దాని తరువాతే.

మూసిన తలుపు, తెరచిన ఆకాశము

1939లో హోవర్డు విశ్వవిద్యాలయము వారు రాజధాని వాషింగ్టనులో ఆమె కచేరీ తలపెట్టారు. పెద్ద హాలు కాన్‌స్టిట్యూషన్ హాలు. దాని యజమానులు ఒక స్త్రీల దేశభక్త సంఘము. తెల్లవారు తప్ప మరెవరూ ఆ వేదిక మీద పాడకూడదని వారి నియమము. వారు తలుపు మూశారు. అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్టు ఆ సంఘములోని తన సభ్యత్వానికి రాజీనామా చేశారు.

చివరికి ప్రభుత్వ మంత్రి హెరాల్డ్ ఇకీస్ ఏర్పాటు చేసిన స్థలము, బానిసలకు విడుదల ప్రకటించిన అబ్రహాము లింకను స్మారక మందిరపు మెట్లు. రోజు 1939 ఏప్రిల్ 9, పునరుత్థాన ఆదివారము. రాజధానిలోని హోటళ్లు ఆమెకు గది ఇవ్వవు గనుక పెన్సిల్వేనియా మాజీ గవర్నరు పించో ఇంట బస చేశారు. చలిగాలి వీస్తుండగా 75,000 మంది, నల్లవారు తెల్లవారు కలిసి, ఆరుబయట నిలబడి విన్నారు. రేడియోలో దేశమంతా విన్నది. ఆమె కన్నులు మూసుకొని పాడారు. ఎవరినీ నిందించే మాట ఒక్కటీ పలుకలేదు.

తెలుగు బాప్టిస్టులకు దగ్గరి బంధము

ఆ రోజు ఆమె పాడిన మొదటి పాట "అమెరికా" అనే దేశభక్తి గీతము. దానిని 1831లో రాసినవారు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. ఆయన బాప్టిస్టు కాపరి. ఈ పేరు తెలుగు బాప్టిస్టులకు కొత్తది కాకూడదు.

శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశము వచ్చి, 1840లో నెల్లూరులో పని స్థాపించారు. ఏండ్లు గడిచినా ఫలము వేళ్ల మీద లెక్కపెట్టదగినంతే. 1853లో ఆల్బనీ పట్టణములో కూడిన మిషను సభలో, తెలుగు మిషను మూసివేయుదమా అనే మాట వచ్చింది. పటము మీద ఆ మిషను ఒంటరి నక్షత్రములా ఉన్నదని ఒకరు అన్నారు. ఆ రాత్రి స్మిత్ గారు ఆ మాట మీదనే ఒక పద్యము రాశారు. దానిని విన్నవారి మనసులు మారాయి. మిషను నిలిచింది. "లోన్ స్టార్ మిషను" అనే పేరు అలా వచ్చినదే. పాతికేండ్లకు, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెలుంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఒకే చేతి రాత. ఒక పాట మన తాతలకు సువార్త అందే దారి మూతపడకుండా కాచింది. మరొక పాట, మూసిన తలుపు ఎదుట నిలిచిన నల్లజాతి స్త్రీ నోట వినబడింది. పాట కూడు పెడుతుందా అని అడిగేవారికి ఇంతకంటె జవాబు ఏమి కావాలి? పాట లేకపోతే మన మిషనే లేకపోవును.

కూర్చునే చోటు

యాకోబు పత్రిక రెండవ అధ్యాయములో, బంగారు ఉంగరము పెట్టుకున్నవానికి మంచి చోటు, మాసిన బట్టలవానికి పాదపీఠము దగ్గర చోటు చూపించే సంఘము ఒకటి కనబడుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని హాళ్లు ఆ అధ్యాయానికి బొమ్మ గీసినట్టు ఉండేవి. ముందు వరుసలు తెల్లవారికి, వెనుక వరుసలు, మిద్దె మీది చోట్లు నల్లవారికి. మేరియన్ గారు మొదట అడిగినది ఇది: హాలును అడ్డముగా కాక నిలువుగా విభజించండి, ముందు వరుసలోనూ మా వారికి చోటు ఉండాలి. తరువాత, 1950ల ఆరంభము నుండి, ఏ విధముగానైనా వేరు చేసే సభలలో పాడనని చెప్పివేశారు. ఆదాయము పోతుందని తెలిసే అలా చెప్పారు.

మనలను ఒకప్పుడు ఊరి వెలుపల ఉంచారు. ఆ గాయము మనకు తెలుసు. అయితే మనము కూడా పల్లెల పేర్లు, కులాల పేర్లు మూటగట్టుకొని తమిళ దేశము దాకా తెచ్చుకోలేదా? పెండ్లి మాట వచ్చినప్పుడు, సంఘ పెద్దల ఎన్నిక వచ్చినప్పుడు ఆ మూట విప్పడము లేదా? ఇంకొక మాట. మనము స్థిరపడినవారము. మనకు ఇల్లు, రేషను కార్డు, ఉద్యోగము ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా క్వారీలకు, ఇటుక బట్టీలకు పనికి వచ్చే తెలుగు కుటుంబము ఆదివారము మన గుడికి వస్తే ఎక్కడ కూర్చుంటున్నది? చెప్పులు విడిచే చోటు పక్కనా? వారి బిడ్డ పాట ఎత్తుకుంటే మైకు ఇస్తామా? ఈ ప్రశ్న మమ్ములనే మొదట గుచ్చినదని ఒప్పుకుంటున్నాము.

వేదిక మీద విశ్వాసి

కొందరికి ఒక సందేహము రావచ్చును. గుడిలో పాడితే సరే, లోకపు వేదిక మీద పాడవచ్చునా? ఈ సందేహాన్ని దాటవేయము. 1955 జనవరి 7న మేరియన్ గారు న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరాలో వెర్డి రచించిన సంగీత నాటకములో పాడారు. అక్కడ ప్రధాన గాయకుల వరుసలో నిలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. వయసు అప్పటికి 57. ఆమె వేసిన పాత్ర సోదె చెప్పే స్త్రీ. మన సంఘాలలో ఇది విని ముఖము చిట్లించేవారు ఉంటారని తెలుసు. ప్రతి పాటా, ప్రతి వేషమూ మంచిదేనని మేము చెప్పడము లేదు. ఎక్కడ పాడినారు అన్నదానితో పాటు, అక్కడ ఎవరిగా నిలిచినారు అన్నది కూడా చూడమంటున్నాము.

ఆమె కచేరీలలో ఎన్ని భాషల పాటలు ఉన్నా, చివర తప్పక స్పిరిచువల్స్ ఉండేవి. అవి అమెరికాలో బానిసలుగా బ్రతికిన నల్లవారు పొలాలలో పాడుకున్న భక్తి పాటలు. మోషే, యొర్దాను, వాగ్దాన దేశము వాటి నిండా ఉంటాయి. సితారాలు తగిలించేసిన చోటే మళ్లీ అందుకొని పాడినవారి పాటలవి. గొప్ప హాళ్లలో, గొప్పవారి ఎదుట, తన తాతల విశ్వాసాన్ని ఆమె దాచుకోలేదు.

1957లో తన దేశ ప్రభుత్వము తరఫున ఆసియా యాత్ర చేస్తూ మన దేశానికి కూడా వచ్చారు. సరిగా ఆ రోజులలోనే అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణములో నల్లజాతి పిల్లలను బడిలోకి రానివ్వకుండా గవర్నరు ఫాబస్ అడ్డు పడ్డాడు. ఆయన ఎదుట మీరు పాడుతారా అని యాత్రలో ఒకరు అడిగారు. అందువల్ల ఆయనకు ఏమైనా మేలు కలిగేటట్టయితే సంతోషముగా పాడుతానని జవాబిచ్చారు. శత్రువును ప్రేమించుట అంటే ఇదే గదా. 1943లో, మునుపు తలుపు మూసిన ఆ కాన్‌స్టిట్యూషన్ హాలువారే పిలిచినప్పుడు కూడా వెళ్లి పాడారు. కాని ప్రేక్షకులను రంగును బట్టి వేరు చేయకూడదని షరతు పెట్టి వెళ్లారు. క్షమించారు, సత్యాన్ని మాత్రము వదులుకోలేదు.

"నేను" కాదు, "మేము"

ఆమె మాటతీరులో ఒక వింత ఉండేది. తన గురించి చెప్పేటప్పుడు "నేను" అనేవారు కాదు, "మేము" అనేవారు. లింకను మందిరము మెట్ల మీద పాడిన దేశభక్తి గీతములో కూడా "నేను" అని ఉన్న చోట "మేము" అని పాడారు. గురువు, వాద్యకారుడు, తల్లి, నాణేలు కూర్చిన సంఘము, వీరంతా లేకుండా తాను లేనని ఆమె ఎరిగి ఉన్నారు.

1941లో ఫిలడెల్ఫియాలో అందుకున్న 10,000 డాలర్ల బహుమానమును యువ గాయకుల విద్యకు నిధిగా పెట్టారు. పొందిన సహాయము అలా వెనుకకు వెళ్లింది. 1958లో ఐక్యరాజ్యసమితిలో తన దేశ ప్రతినిధిగా కూర్చున్నారు. 1963లో వాషింగ్టను మహా ప్రదర్శన రోజున మళ్లీ ఆ మెట్ల మీదనే పాడారు. 1965లో పునరుత్థాన ఆదివారమున కార్నెగీ హాలులో చివరి వీడ్కోలు కచేరీ చేశారు. 1993 ఏప్రిల్ 8న, 96వ ఏట, ప్రభువునందు నిద్రించారు.

మనకు పాఠము

ధర్మపురి పాత పేరు తగడూరు. ఇక్కడి బడిపిల్లలందరికీ అదియమాన్ రాజు కథ తెలుసు. తింటే ఆయుష్షు పెరిగే అరుదైన ఉసిరికాయ దొరికితే, ఆ రాజు తాను తినక కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చాడు. ఆమె బ్రతికితే పాట బ్రతుకుతుందని. మనము నివసించే నేల మనకు ఈ కథ చెబుతున్నది. ఫిలడెల్ఫియా పేద సంఘము చేసినది కూడా అదే. చేతిలో ఉన్న కాయను తాము తినక బిడ్డకు ఇచ్చారు.

ఈ సంవత్సరము ప్రతి సంఘములో మూడు పనులు చేయవచ్చునని మా మనవి. ఒకటి, సండే స్కూలు ఉపాధ్యాయులు పాటలోగాని, చదువులోగాని, చేతిపనిలోగాని వరము గల పిల్లల పేర్లు కాపరికి తెలియజేయాలి. ముఖ్యముగా తండ్రి లేని ఇళ్లను మరువరాదు. రెండు, స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము తీసినట్టే, నెలకు ఒక ఆదివారపు కానుకలో కొంత పిల్లల చదువుకు వేరుగా తీసి, లెక్క సంఘము ముందు చదవాలి. మూడు, కొత్తగా వచ్చిన కుటుంబాన్ని ముందు వరుసలోకి పిలవాలి. మూడవదానికి డబ్బు అక్కరలేదు. అయినా మూడింటిలో కష్టమైనది అదేనేమో.

కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. తలాంతును పాతిపెట్టిన దాసుడు యజమానుని గూర్చి ఏమని తలంచాడు? బిడ్డలను ప్రోత్సహించని సంఘము దేవుని గూర్చి ఏమని తలంచుతున్నది?
2. ఓడిపోయి ఇంటికి వచ్చిన బిడ్డతో మీరు అన్న మొదటి మాట ఏది? మేరియన్ తల్లి చేసినదానితో పోల్చి చూడండి.
3. యాకోబు 2:1-4 చదివి, మన గుడిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో నిజాయితీగా చెప్పుకోండి.
4. విశ్వాసి లోకపు వేదిక మీద పాడవచ్చునా? ఏ హద్దులలో? దానియేలు బబులోను రాజు కొలువులో పని చేసిన తీరును దృష్టిలో ఉంచుకొని మాట్లాడండి.
5. మీ జీవితములో "నేను" అని చెప్పుకుంటున్న ఏ మేలు నిజానికి "మేము" అని చెప్పవలసినది?

ప్రార్థన: తండ్రీ, పరాయి నేల మీద కూడా మా నోట పాట నిలిపినందుకు స్తోత్రము. మా మధ్య నీవు ఉంచిన బిడ్డలను చూచే కన్నులు, వారికి ఇచ్చే చేతులు మాకు దయచేయుము. మా గుడిలో వెనుక వరుస అనేది లేకుండ చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.